ఆర్డెన్ జూబెక్ పిస్టలూ, నాలుగో బిళ్లా

నెబ్రాస్కా పడమటి కొసన, డ్రై ఫోర్క్ అనే ఊళ్లో ఉండే ఆర్డెన్ జూబెక్‌కి యాభై నాలుగో ఏట పిస్టల్ వచ్చింది. అది అతను కోరుకుని తెచ్చుకున్నది కాదు. అతను కోరుకున్నది డీప్ ఫ్రీజర్.

ఊరి అగ్నిమాపక దళం వాళ్లు కొత్త నీళ్ల ట్యాంకరు కోసమని ఏటా లాటరీ పెడతారు. ఆ ఏడు మొదటి బహుమతి పిస్టల్, రెండోది డీప్ ఫ్రీజర్, మూడోది కోసి పొట్లాలు కట్టించిన సగం పంది. ఆర్డెన్ భార్య నడీన్ రెండోదీ మూడోదీ కలిపి తమకే రావాలని వారం రోజులు దేవుణ్ణి వేడుకుంది. దేవుడికి సరిగ్గా వినపడలేదేమో, మొదటిది వచ్చింది. ఫ్రీజర్ గెలుచుకున్నాయన దగ్గరికి వెళ్లి మార్చుకుంటారా అని నడీన్ అడిగితే, ఆయన ఆవిణ్ణి జాలిగా చూశాడు.

"అమ్మా, నా దగ్గర పదకొండు పిస్టళ్లున్నాయి. ఫ్రీజర్ ఒక్కటీ లేదు. నువ్వే చెప్పు."

ఆర్డెన్ తుపాకుల దుకాణానికి వెళ్లి, కాగితాల మీద సంతకాలు పెట్టి, వాళ్లు ఎక్కడికో ఫోన్ చేసి ఇతను నేరస్తుడు కాదని తేల్చుకునేదాకా కూర్చుని, పెట్టె తెచ్చుకున్నాడు. ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, పైభాగాన్ని వెనక్కి లాగి వదిలాడు. ఆ లాగే భాగాన్ని స్లైడ్ అంటారు. అది గరగరమంటూ వెనక్కొచ్చి, టంగుమని ముందుకెళ్లింది. ఆర్డెన్ మొహం నిమ్మకాయ కొరికినట్టయింది.

"ఏమైంది?" అంది నడీన్.

"లోపల స్ప్రింగు ఏడుస్తోంది."

నడీన్ ఆశ్చర్యపోలేదు. ముప్పై ఏళ్లుగా ఆ మనిషితో కాపురం చేస్తోంది. ఆర్డెన్ వృత్తి పియానోలకు శ్రుతి చేయడం. నాలుగు కౌంటీలకు కలిపి ఆ పని తెలిసినవాడు అతనొక్కడే. చర్చిల్లో పియానోలు, బళ్లలో పియానోలు, రెండు సారా కొట్లలో బీరు తాగి తాగి ఉబ్బిన పియానోలు, అన్నీ అతని చేతి కిందవే. చెవి ఎంత చురుకైందంటే అది వరమో రోగమో తేల్చి చెప్పడం కష్టం. ఊళ్లో ఉన్న ఒక్కగానొక్క హోటల్లో అతను భోజనం చెయ్యలేడు, అక్కడి ఫ్రిజ్ రొద శ్రుతికి చిటికెడు కిందగా ఉంటుందని. పెళ్లినాడు పాదిరీగారు "ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా?" అని అడిగితే, ఇతను వెనక్కి తిరిగి ఆర్గన్ వాయించే ఆవిడతో "ఎడమ కాలి కింద మెట్టు శ్రుతి దిగిపోయిందమ్మా" అన్నాడు. నడీన్ తండ్రి ఆ మాటని చచ్చేదాకా మర్చిపోలేదు.

అలాంటివాడికి సొంత పిస్టల్ చెవిలో జోరీగై కూర్చుంది. వదిలించుకోవచ్చుగా అంటే వదిలించుకోడు. సరిగ్గా లేని వస్తువుని అలాగే వదిలేయడం అతని వల్ల కాదు.

డ్రై ఫోర్క్‌లో శనివారం పొద్దున పది గంటలకు, పాత కంకర గుంటలో పిస్టల్ క్లబ్బు వాళ్లు చేరతారు. ఇరవై మంది ఉంటారు. గుంట గోడకి ఎదురుగా ఒక ఇనప దూలం, దానికి గొలుసులతో వేలాడే ఆరు ఉక్కు బిళ్లలు. ఒక్కోటి ఎనిమిది అంగుళాల వెడల్పు. పన్నెండు గజాల దూరంలో నిలబడి, కాలం లెక్కపెట్టే యంత్రం కూత వెయ్యగానే ఆరింటినీ వరసగా కొట్టాలి. ఎవరు తొందరగా కొడితే వాళ్లు గొప్ప. ఆట అంతే.

అక్కడి కట్టడి అంతా మర్నా కెట్లర్ చేతిలో ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆవిడ గొంతెత్తితే కళ్లద్దాలు పెట్టుకోనివాడు పెట్టుకుంటాడు, చెవులకు మోత ఆపే కప్పులు తగిలించుకోనివాడు తగిలించుకుంటాడు, అసలు ఆ దారిన పోయేవాడు కూడా చేతులు పైకెత్తుతాడు. క్లబ్బు అధ్యక్షుడు గేలెన్ ఓల్ట్‌మన్స్, నాలుగొందల ఆవులున్న ఆసామి. అందరికంటే వేగంగా కాల్చేది అతనే. ఆ సంగతి అతను చెప్పకముందే ఎవరికైనా తెలిసిపోవాలని అతని కోరిక.

ఆర్డెన్ మొదటి రోజు వచ్చి, మర్నా చెప్పినట్టు నిలబడి, పిడిలో తూటాలుండే మ్యాగజైన్ ఒకటి ఖాళీ చేశాడు. ట్రిగ్గరు నొక్కినప్పుడల్లా ఒక తూటా వెళ్లింది, ఖాళీ గొట్టం ఎగిరి పక్కన పడింది, తర్వాతి తూటా తనంతట తనే ఎక్కింది. అన్నీ సవ్యంగా జరిగాయి. బిళ్ల మాత్రం ఒక్కటీ తగల్లేదు.

"ఎలా ఉంది?" అన్నాడు గేలెన్, భుజం చరిచి.

"రెండు రకాల మోతలున్నాయి. ఒకటి స్ప్రింగుది, ఒకటి ట్రిగ్గరుది. రెండూ ఒకదానికొకటి పడవు."

గేలెన్ చుట్టూ చూశాడు. "నేనడిగింది దెబ్బ ఎలా ఉందని. చేతికి."

"ఓ, చేతికా. అది నేను గమనించలేదు."

ఆ మాట ఊరంతా తిరిగి, మధ్యాహ్నానికి ఆర్డెన్ కంటే ముందు ఇల్లు చేరింది.

*

పిస్టల్ని బాగుచేయించడానికి ఆర్డెన్ వెళ్లింది లైల్ బ్యూరెస్ షెడ్డుకి. ఎనభై ఒక్క ఏళ్ల లైల్ ఆ చుట్టుపక్కల తుపాకులన్నిటికీ వైద్యుడు. ఆయన కుర్రతనంలో చెవులకు కప్పులు పెట్టుకోవడం అనేది ఆడంగితనం. ఫలితంగా ఇప్పుడు ఆయన చెవి పక్కన ఫిరంగి పేల్చినా "ఎవరో తలుపు తట్టినట్టుందే" అనడు. అంటే, అంత కూడా వినపడదు.

"లోపల ఒక మోత ఉంది, లైల్" అన్నాడు ఆర్డెన్.

"కోతా? గేలెన్ పొలంలోనా?"

"మోత! స్ప్రింగులో మోత!"

"మోతైతే నన్నడుగుతావేం నాయనా. నేను చివరిసారి మోత విన్నది మా ఆవిడ బతికున్నప్పుడు. అదీ ఆవిడదే."

అయినా లైల్ పిస్టల్ తీసుకున్నాడు. తూటా లేదని వేలు పెట్టి తడిమి చూసి, ఒక పొడవాటి స్క్రూడ్రైవరు కొసని పిస్టల్ పక్కకి ఆనించి, చెవికి అందని అదురు ఎముకకైనా అందుతుందని దాని పిడిని తన దవడకి నొక్కిపెట్టాడు. స్లైడ్ లాగి వదిలాడు. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ లాగి వదిలాడు.

"ఔను. స్ప్రింగు పక్కలకి రాసుకుంటోంది. ట్రిగ్గరు కింద రెండు ముక్కలు గరుగ్గా ఉన్నాయి. అబ్బో, పాపం, చాలా అసహ్యంగా ఉంది."

ఆర్డెన్‌కి ఆ క్షణాన కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. పుట్టి బుద్ధెరిగాక తనకు వినపడింది ఇంకొకరు ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఒప్పుకున్నవాడు చెవిటివాడు.

ఆ వేసవంతా ఇద్దరూ ఆ షెడ్డులోనే. ఆర్డెన్ వినేవాడు, లైల్ దవడతో చూసేవాడు. ఆర్డెన్ "ఇంకాస్త" అని వేలితో చూపిస్తే లైల్ మెత్తటి రాయితో ఇంకాస్త నున్నగా రుద్దేవాడు. ట్రిగ్గరు మార్చారు. స్ప్రింగు మూడుసార్లు మార్చారు. మొదటిది మూలిగింది, రెండోది ఈల వేసింది, మూడోది ఊరుకుంది. పిడికి వాల్‌నట్ చెక్క వేసి, కింద పియానో సుత్తులకు అంటించే ఎర్ర ఉన్ని ముక్క పరిచారు. ఆ ఉన్ని వల్ల ఉపయోగం ఏమిటని గేలెన్ అడిగితే "ఉపయోగం లేదు, మర్యాద" అన్నాడు ఆర్డెన్. గొలుసుకి వేసే నూనె, కుట్టుమిషన్ నూనె, గడియారాల నూనె ఒక్కోటీ పోసి చూసి, చివరికి గడియారాల నూనె దగ్గర ఆగారు.

ఆగస్టుకి ఆ పిస్టల్ స్లైడ్ లాగితే మంచి ఇంట్లో మంచి బీరువా తలుపు మూసినట్టుండేది. క్లబ్బులో అందరూ ఒకసారి లాగి చూస్తామని వరస కట్టారు. పదకొండు పిస్టళ్లూ ఒక ఫ్రీజరూ ఉన్నాయన నాలుగుసార్లు లాగి, వెళ్లి తన ట్రక్కులో కాసేపు కూర్చున్నాడు.

పిస్టల్ కుదిరింది. ఆర్డెన్ గురీ కుదిరింది. ఒకటో బిళ్ల, రెండో బిళ్ల, మూడో బిళ్ల ఠంగు ఠంగు ఠంగుమని మోగేవి. నాలుగోది మాత్రం తప్పేది. ఐదూ ఆరూ మళ్లీ మోగేవి.

ఒక వారం కాదు, రెండు వారాలు కాదు. తొమ్మిది శనివారాలు వరసగా నాలుగో బిళ్ల తప్పింది. సలహాలు మొదలయ్యాయి. గురి ముల్లు మార్చమన్నారు, మార్చాడు. ఎర్రచుక్క అద్దం బిగించమన్నారు, బిగించాడు. ఎర్రచుక్క నాలుగో బిళ్ల మీద ముద్దబంతి పువ్వులా నిలబడేది, తూటా పక్కనున్న మట్టిలోకి పోయేది. బూట్లు మార్చమన్నారు. ఊపిరి బిగబట్టమన్నారు. గేలెన్ అయితే "మూడు కొట్టాక ఒక అడుగు పక్కకి జరిగి అదే ఐదోదనుకో" అన్నాడు. ఆర్డెన్ అదీ చేశాడు. "నాలుగోదాన్ని నువ్వు ఐదనుకున్నా అది నాలుగేనని దానికి తెలుసు" అంది మర్నా.

కారణం కనిపెట్టింది నడీన్. ఆవిడ ఆ శనివారం చెవులకు కప్పులు పెట్టుకుని, పక్కగా మడత కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఆర్డెన్ కాల్చి వెనక్కి రాగానే అంది:

"నాలుగోది కాల్చబోయే ముందు మొహం అలా పెడతావేం?"

"ఎలా పెట్టాను?"

"లూథరన్ చర్చి మెట్లెక్కేటప్పుడు పెట్టే మొహం. వాళ్ల చెడిపోయిన పియానో చూడ్డానికి వెళ్తావే, ఆ మొహం."

ఆర్డెన్ మర్నా దగ్గరికి వెళ్లి, కాల్పులు ఆపించమన్నాడు. అందరూ పిస్టళ్లు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాక, జేబులోంచి చిన్న రబ్బరు సుత్తి తీసుకుని దూలం దగ్గరికి నడిచాడు. ఒక్కో బిళ్లనీ తట్టాడు. మొదటి మూడూ స, రి, గ. ఎవరూ కావాలని చేసింది కాదు. వేరువేరు ఏళ్లలో కొన్నవి కాబట్టి ఒక్కోటి ఒక్కో మందం, అలా కుదిరాయంతే. ఐదూ ఆరూ కూడా ఫరవాలేదు. నాలుగోది తట్టగానే అతని భుజాలు చెవులదాకా లేచాయి. మధ్యమం ఉండాల్సిన చోట, మధ్యమానికీ గాంధారానికీ నడుమ, ఎవరికీ చెందని ఒక స్వరం.

తన వేలు తన మాట వినకపోవడానికి కారణం అదన్నమాట. ఆ చప్పుడు తన చేత్తో తను పుట్టించడానికి అతని ఒళ్లు ఒప్పుకోలేదు.

*

నాలుగో బిళ్లని శ్రుతి చేసుకుంటానని ఆర్డెన్ క్లబ్బు సమావేశంలో అర్జీ పెట్టాడు. ఇరవై మందీ గుంట పక్కన రేకుల షెడ్డులో కూర్చున్నారు. వెనక బల్ల మీద బీన్సూ మాంసం వేసి చేసిన చిల్లీ కాగుతోంది, పక్కన దాల్చినచెక్క వేసిన తియ్యటి బన్నులు. సమావేశం అయ్యేదాకా ఎవరూ ముట్టకూడదు.

"అది పియానో కాదు" అన్నాడు గేలెన్.

"అవును. అందుకే ఓపిక పట్టాను తొమ్మిది వారాలు."

"శ్రుతి ఎక్కువా, తక్కువా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"తక్కువ. పెంచాలంటే అంచు కాస్త అరగదీయాలి."

మర్నా నిబంధనల పుస్తకం తెరిచింది. "బిళ్ల వెడల్పు ఎనిమిది అంగుళాలకు వెంట్రుకవాసి తగ్గకూడదు. అరగదీస్తే తగ్గుతుంది. కుదరదు. కూర్చో."

ఆర్డెన్ కూర్చోలేదు. అతను ఆ ప్రశ్న ముందే ఆలోచించుకుని వచ్చాడు. "బిళ్ల వెనక బరువు తగిలించకూడదని ఎక్కడైనా ఉందా?"

మర్నా పుస్తకం అటూ ఇటూ తిప్పింది. "లేదు."

"బరువు కలిపితే శ్రుతి దిగుతుంది. నాలుగోదాన్ని పెంచలేం కాబట్టి, మిగిలిన ఐదింటినీ దానికి తగ్గట్టు దించుతాను."

గేలెన్ కుర్చీలోంచి లేచాడు.

"అంటే తప్పు ఒకదానిది, శిక్ష ఐదింటికా?" అన్నాడు గేలెన్.

"శిక్ష కాదు, సర్దుబాటు. కాపురాల్లో చెయ్యరూ?"

నడీన్ అటువైపు చూసింది.

చర్చ గంటంబావు సాగింది. శ్రుతి కలిసిన బిళ్లలు కాల్చేవాడికి అన్యాయంగా సాయం చేస్తాయా? అమావాస్యకీ పౌర్ణమికీ ఇనుము శ్రుతి మారుతుందా? పక్క ఊరి వాళ్లు నవ్వితే ఎవరు జవాబు చెప్పాలి? చివరికి చేతులెత్తమంటే, లెక్కపెట్టే మర్నా పోను పది మంది ఇటు, తొమ్మిది మంది అటు. పదో చెయ్యి లైల్‌ది. ఏం తీర్మానమో వినపడక, బన్నులు వడ్డిస్తున్నారనుకుని ఎత్తాడు. చెల్లదు, మళ్లీ ఎత్తాలన్నాడు గేలెన్. అప్పటికి దాల్చినచెక్క వాసన మనుషుల్ని పూర్తిగా లొంగదీసేసింది.

"మళ్లీ ఎత్తితే బన్నులు చల్లారిపోతాయి" అంది మర్నా.

తీర్మానం నెగ్గింది.

మర్నాడు చర్చి కాగానే ఆర్డెన్, లైల్ ఇద్దరూ బోల్టులూ వాషర్లూ సంచీలో వేసుకుని గుంటకి వెళ్లారు. ఆర్డెన్ సుత్తితో తట్టి వింటాడు. లైల్ బిళ్ల అంచుని ముందు పళ్లతో పట్టుకుని తట్టించుకుంటాడు. "ఇంకో వాషరు" అంటాడు ఒకరు, "ఇంకో సగం" అంటాడు ఇంకొకరు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆరు బిళ్లలూ ఒక కుటుంబం అయ్యాయి. ఆర్డెన్ పిస్టల్ తీసుకుని, పన్నెండు గజాలు వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఆరు తూటాలు, ఆరు బిళ్లలు. ఆఖరిది మోగి సన్నగిల్లేదాకా పిస్టల్ దించలేదు.

"ఏమైంది?" అన్నాడు లైల్, అతని మొహం చూసి కంగారుగా. "తప్పిందా?"

ఆర్డెన్ తల అడ్డంగా ఊపాడు.

*

అక్కడితో ఆగితే ఒక పియానో పనివాడి పిచ్చిగా మిగిలిపోయేది. కానీ మంచి శ్రుతి అంటువ్యాధి. నెల తిరక్కుండానే క్లబ్బులో ప్రతివాళ్లూ బిళ్లలు వరసలో వినడానికి అలవాటుపడ్డారు. ఒకటి తప్పితే పాటలో మాట మింగినట్టుండేది, చూస్తున్నవాళ్లు "అయ్యో" అనేవారు. కుడి నుంచి ఎడమకి కాల్చే ఇద్దరికి, అవరోహణ మనసుకి దిగులుగా ఉందని మర్నా మందలింపు ఇచ్చింది. గేలెన్ తన మొక్కజొన్న కోత యంత్రం మీద కూర్చుని ఆరు స్వరాలు కూనిరాగం తీస్తుంటే అతని జీతగాళ్లు విన్నారు. అతను ఒప్పుకోలేదు. ఆవులు అటు తిరిగి చూశాయని వాళ్లు సాక్ష్యం చెప్పారు.

అక్టోబరు ఆఖరున మార్లో అనే ఊళ్లో పోటీ. డ్రై ఫోర్క్, మార్లో క్లబ్బులు ఏటా ఒకసారి తలపడతాయి. గెలిచినవాళ్లకి ఇత్తడి పూత పూసిన పాత ట్రాక్టరు సీటు దక్కుతుంది. అది ఆరేళ్లుగా డ్రై ఫోర్క్‌దే.

మార్లో వాళ్లు తమ బిళ్లల్ని పాత రబ్బరు పట్టీలకు కట్టి వేలాడదీశారు. గేలెన్ ముందుగా నిలబడ్డాడు. కూత వినపడింది. మొదటి బిళ్ల కొట్టాడు. డభ్. అంతే, ఆగిపోయాడు. పిస్టల్ని అలాగే ముందుకి పట్టుకుని, బిళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"కాల్చవయ్యా!" అంది మర్నా.

"ఏం కాల్చమంటావు? అది బకెట్టు."

"బకెట్టే అనుకుని కాల్చు!"

రెండో తూటా మట్టిలోకి, మూడోది ఆకాశంలోకి కాకపోయినా దానికి దగ్గరగా పోయాయి. తర్వాత వచ్చినవాళ్లూ అంతే. ఒక్కొక్కరూ మొదటిది కొట్టేవాళ్లు, మొహం చిట్లించేవాళ్లు, మిగతావి తప్పేవాళ్లు. మర్నా కెట్లర్ జీవితంలో మొదటిసారి ఒక్క బిళ్లా కొట్టకుండా తిరిగొచ్చి "చెత్తడబ్బాలు" అని ఒకే మాట అంది. మార్లో వాళ్లకి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ముందు నవ్వారు. తర్వాత, ఏదైనా తిన్నది పడలేదేమోనని మంచినీళ్లు తెచ్చిచ్చారు.

తిరుగు దారిలో ట్రక్కులో ముప్పై మైళ్లు దాటాక గేలెన్ అన్నాడు, "ఆర్డెన్, నువ్వు మా చెవులు పాడు చేశావు."

"బాగు చేశాను."

"నేను అంటున్నదీ అదే."

క్లబ్బు అత్యవసరంగా సమావేశమై వాషర్లన్నీ ఊడదీయించింది. ఆర్డెన్ ఊడదీసి సంచీలో వేసుకున్నాడు. తర్వాతి శనివారం డ్రై ఫోర్క్ క్లబ్బు సొంత గుంటలో, సొంత బిళ్లల్ని ఇరవై మంది కలిసి కొట్టింది మొత్తం పద్నాలుగు. పదకొండు పిస్టళ్లాయన తన బంగారంలాంటి గురికి ఏం రోగమొచ్చిందో తెలియక బల్ల మీద తల పెట్టుకున్నాడు. సమావేశం లేదు, చర్చ లేదు. గేలెన్ తన ట్రక్కులోంచి స్పానరు తెచ్చి ఆర్డెన్ చేతిలో పెట్టాడు.

"తగిలించు" అన్నాడు, అటు తిరిగి.

*

మరుసటి ఏడు పోటీ డ్రై ఫోర్క్‌లో జరిగింది. మార్లో జట్టుకి పెద్ద రోక్సాన్ డిల్, పశువుల డాక్టరు. నలభై ఏళ్లావిడ, పొడవాటి మనిషి, తొందర మనిషి. పిస్టల్ అయినా సూది అయినా ఆవిడ చేతిలో ఒకటే వేగం. ఆవిడ్ని కొట్టగలవాళ్లు గేలెన్ తప్ప లేరు, గేలెన్ కూడా ఏమో.

ఆ ఉదయమే ఒక ఉపద్రవం. తూటా చప్పుడు విని తనంతట తనే కాలం లెక్కపెట్టే యంత్రం గేలెన్ ట్రక్కు చక్రం కింద పడి అప్పడమైంది. గత్యంతరం లేక చేత్తో నొక్కి ఆపే గడియారం ఒకటి తెచ్చి, చివరి బిళ్ల మోగగానే నొక్కమని ఆర్డెన్ చేతిలో పెట్టారు. చెవి మంచిది కదా అని. అంతకంటే పొరపాటు ఎంపిక ఆ గుంటలో ఇంకొకటి సాధ్యం కాదు.

సొంత వాళ్లు కాల్చినప్పుడు ఇబ్బంది లేకపోయింది. ఆ వినికిడి అతనికి అలవాటే. రోక్సాన్ వచ్చి నిలబడింది. మర్నా ఈల వేసింది. ఆవిడ చెయ్యి లేచింది. ఆరు తూటాలు ఒక్క వానజల్లులా పడ్డాయి. అంత సమంగా, అంత దగ్గర దగ్గరగా ఆ ఆరు స్వరాల్ని ఎవరూ మోగించి ఎరగరు. మోతలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, కంకర గుంట గోడలకు తగిలి, మళ్లీ వెనక్కొచ్చి, గాల్లో అలా నిలబడిపోయాయి. ఆర్డెన్ కూడా నిలబడిపోయాడు.

"ఎంత?" అంది మర్నా.

ఆర్డెన్ ఉలిక్కిపడి గడియారం నొక్కాడు. "నలభై ఒక్క సెకన్లు."

"నలభై ఒకటా!" అంది రోక్సాన్. "అంతసేపట్లో నేను గొర్రెకి పురుడు పోసి చేతులు కూడా కడుక్కుంటాను!"

మార్లో వాళ్లు చుట్టూ మూగారు. మోసమన్నాడొకడు. ఆర్డెన్ మొహం కందగడ్డలా చేసుకుని, తప్పు తనదేననీ, వింటూ నొక్కడం మరిచిపోయాననీ చెప్పాడు. వాళ్లకి అది నమ్మశక్యం కాలేదు. డ్రై ఫోర్క్ వాళ్లకి మాత్రం ఇంచుక కూడా అనుమానం రాలేదు.

"మళ్లీ కాల్చనివ్వండి" అన్నాడు గేలెన్. అందులో పెద్దమనసు ఎంతో, ఇంకోసారి వినాలన్న కోరిక ఎంతో అతనికే తెలియాలి. గడియారం మర్నా తీసుకుంది.

రోక్సాన్ మళ్లీ నిలబడింది. కానీ ఈసారి ఆవిడ వింది. ఇంతకుముందు బిళ్లలు ఆవిడకి కొట్టాల్సిన గుండ్రాలు మాత్రమే. ఇప్పుడు అందరూ ఏం వింటున్నారో తనూ వినాలనిపించింది. మొదటిది కొట్టింది. ఆగింది. అది సన్నగిల్లాక రెండోది కొట్టింది. మూడోదాని దగ్గర తల కాస్త పక్కకి వంచింది. వెనక నుంచి మార్లో వాళ్లు "తొందరగా, రోక్సాన్!" అని అరుస్తున్నారు. ఆవిడ ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి, మీరుండండి అన్నట్టు ఊపింది. నాలుగు. ఐదు. ఆరు.

"ఇరవై ఆరు సెకన్లు" అంది మర్నా. "ఇది నిజం లెక్క."

మార్లో ఓడిపోయింది. ట్రాక్టరు సీటు డ్రై ఫోర్క్‌కి తిరిగొచ్చింది. వాళ్లు కోపంగా వెళ్లిపోతారనుకుంటే, చిల్లీ గిన్నె అడుగంటేదాకా ఉండి, వాషర్లు ఎక్కడ దొరుకుతాయో, ఎన్ని పడతాయో అడిగారు. రోక్సాన్ దూలం వెనక్కి వెళ్లి, రోగిష్టి ఆవు పొట్ట తడిమినట్టు ఒక్కో బిళ్ల వీపూ తడిమి చూసింది.

సోమవారం పొద్దున ఆవిడ ఆర్డెన్ ఇంటికి ఫోన్ చేసింది.

"మీరు ఎప్పుడు రాగలరు?" అంది.

"మీ ఊళ్లో పియానో ఉందని నాకు తెలియదే."

"పియానో ఎవరడిగారండీ!"

బుధవారం ఆర్డెన్, లైల్ ఇద్దరూ బయల్దేరారు. ఒళ్లో వాషర్ల సంచీ, వెనక పెట్టెలో పిస్టలూ. దారి పొడుగునా లైల్ ఒక్కటే ప్రశ్న.

"ఆ డాక్టరమ్మ అసలేమంది?"

"బిళ్లలు బాగు చెయ్యమంది!"

"పిల్లలా? ఆవిడకి పిల్లలు లేరే!"

"బిళ్లలు, లైల్! బిళ్లలు!"

"చూస్తాం, చూస్తాం. అరవకు. ముందు వాటికి జ్వరం ఉందేమో అడిగావా?"

మార్లో చేరేసరికి జట్టు జట్టంతా పని మానుకుని గుంట దగ్గర నిలబడి ఉంది. రబ్బరు పట్టీలు అప్పటికే కోసేసి గొలుసులు కట్టారు. ఆర్డెన్ ముందు ఎలా ఉన్నాయో వినాలని తన పిస్టల్ తీసి ఆరు తూటాలు కాల్చాడు. మూడు తగిలాయి. మూడు పోయాయి.

"ఇంత మంచి పిస్టల్ పెట్టుకుని మూడేనా?" అన్నాడు ఒకడు.

"మిగతా మూడింటికీ వైద్యం కావాలి" అన్నాడు ఆర్డెన్, రబ్బరు సుత్తి తీసుకుని దూలం వైపు నడుస్తూ.

ఆ ఏడాది అతను తొమ్మిది పియానోలకు, పద్నాలుగు క్లబ్బుల బిళ్లలకు శ్రుతి చేశాడు. చర్చిలు ఒక్కోటీ కరెంటుతో మోగే కీబోర్డులు కొనుక్కుని పియానోల్ని మూలకి నెడుతున్న కాలం అది. ఇంకేం పని చేసుకోవాలా అని అతను దిగులుపడుతున్న రోజులు కూడా అవే. పోటీల్లో మాత్రం ఇప్పటికీ అతనిది ఇరవై మందిలో పన్నెండో స్థానమో పదమూడో స్థానమో. అంతకు పైకి ఎందుకు రావని ఎవరైనా అడిగితే, తను కాల్చేటప్పుడు వెనక నడీన్ ఒలిచే బఠాణీలు గిన్నెలో పడుతున్న చప్పుడు వినిపిస్తుందనీ, అది ఎంతకీ తాళంలో ఉండదనీ చెబుతాడు. నడీన్ వింటుంది. గుప్పెడు బఠాణీలు ఒక్కసారిగా గిన్నెలో పోస్తుంది.